పని అయ్యాక పాడే పాట

గత నెల కోటబొమ్మాళి దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లాను. మా బడిలో పనిచేసే టీచరమ్మ చెల్లెలి పెళ్లి. ఆ టీచరమ్మ తప్ప అక్కడ నాకు ఒక్కరూ తెలీదు. అక్షింతలు వేశాను, భోజనం చేశాను, తాంబూలం సంచి అందుకున్నాను, ఇక పలాస బస్సు పట్టుకుందామని టెంటు వెనక నుంచి దారి తీశాను. వంటలు చేసిన చోట, వడ్డనలు ముగించిన ఆడవాళ్లు కొందరు గోడ నీడన కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. అందులో ఒకావిడ పమిట చెంగుతో విసురుకుంటూ పాట ఎత్తుకుంది.

ఊడ్సిన వాకిలి ఊసులాడదు, కూకోవే తల్లీ కూకో
తోమిన గిన్నెలు తోడు పిలవవు, కూకోవే తల్లీ కూకో

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ పాట మా వదినది. ఏ ఊరి పాటో, ఏ కాలం నాటిదో కాదు, మా అన్నయ్య భార్య, మా ఇంటి వదిన కట్టింది. కడుతున్నప్పుడు ఎదురుగా నేను ఉన్నాను, చేతులకి బూడిద పూసుకుని మరీ ఉన్నాను. ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పాటకి చివరి చరణం లేదు. దాని కోసం ఆవిడతో నేను పడిన పోట్లాటలు ఇన్నీ అన్నీ కావు. ఈ ఆడవాళ్లు ఆ చోటికి వచ్చాక ఏం చేస్తారు? ఆగిపోతారా, మళ్లీ మొదటికి వెళ్తారా? బస్సు పోతే పోయిందని అక్కడే నిలబడ్డాను. పాట ఆ చోటికి చేరేలోగా మా వదిన సంగతి చెప్తాను.

పేరు మాత్రం చెప్పను. చెప్తే ఊరుకునే మనిషి కాదు. "నా పేరెందుకే, నానేటి ఎమ్మెల్యేగా నిలబడతన్నానా?" అంటుంది.

పొట్టి మనిషి. నడకకీ పరుగుకీ మధ్య ఏదో ఒకటి ఉంటే, అదీ ఆవిడ నడక. ఉద్దానంలో మా ఊరు ఇసక నేల మీద ఉంది. గాలి తిరిగిన రోజున సముద్రం పెరట్లోనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ ఇసకలో అందరి అడుగులూ పూర్తిగా పడితే, వదినవి మునివేళ్లే పడేవి. మడమ ఆనించే తీరిక ఎప్పుడూ ఉండేది కాదు కాబోలు. వేళ్ల చివర్లు నల్లగా మాడి ఉండేవి. జీడిపిక్క పగలగొడితే పెంకులోంచి కారే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఎంత ఆముదం రాసుకుని కూర్చున్నా ఆ నలుపు పోదు. ఏ పెళ్లికి వెళ్లినా వదిన చేతులు చెంగు కింద దాచుకునేది, పాట మొదలుపెట్టగానే మాత్రం ఆ సంగతి మరిచిపోయి చేతులు రెండూ బయటికి తీసి తాళం వేసేది.

పాట అంటే ఆవిడకి వెతుక్కోవలసిన పని లేదు. మా చుట్టుపక్కల ఏ పెళ్లయినా మగపెళ్లివారిని ఆటపట్టించే పాటలు ఆవిడే కట్టాలి. పెళ్లికొడుకు కారు దిగేలోపు పాట సిద్ధంగా ఉండేది. నా పెళ్లిలో మా ఆయన కళ్లజోడు చూసింది, అంతే.

అద్దాల కళ్ల పెళ్లికొడకా
అన్నం ఏడుందో అగుపడతందా

పంక్తిలో కూర్చున్న మా మావగారికి నవ్వుతో పొలమారింది. మా ఆయన ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే ఒకసారి కళ్లజోడు సర్దుకుంటారు. అది అలవాటో, భయమో నాకు తెలీదు.

అలా ఊరందరికీ చిటికెలో పాట కట్టి ఇచ్చే మనిషి, తన కోసం ఒకే ఒక్క పాట కట్టుకోవాలనుకుంది. ఆ సంగతి నాతో చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. వసారాలో కూర్చుని వేయించిన జీడిపప్పు మీద ఎర్ర పొట్టు తీస్తోంది. నేను సెలవుకి వెళ్లి, చేసేది ఏమీ లేక, ఆవిడ తీసిన పప్పు నోట్లో వేసుకుంటున్నాను.

"అమ్మీ, దంపుకి పాటుంది. ఊడుపుకి పాటుంది. ఉయ్యాల్లో గుంటల్ని తొంగోబెట్టడానికి పాటుంది. ఆకరికి మనిసి పోతే ఏడవడానికీ పాటుంది. పని అయిపోనాక పాడుకోడానికి పాటుందేటి?"

నేను తెలుగు టీచర్ని. గంభీరంగా ఆలోచించాను. ఆలోచించినకొద్దీ గుర్తు రాలేదు.

"లేదు వదినా."

"ఎందుకు నేదో సెప్పనా? పని అయిపోడం ఎలగుంటాదో ఎవులికీ తెల్దు గనక." పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చేటలో పప్పు ఒక పక్కకి తోసి, చిన్న గొంతుతో అంది. "నాను కడతానే. ఆ పాట నాను కట్టీసి మరీ పోతాను."

అప్పటికి ఆవిడకి యాభై నిండాయి. ఆడపిల్లలిద్దరికీ దగ్గర ఊళ్లలోనే పెళ్లిళ్లు అయిపోయాయి. ఇక తీరికే తీరిక అనుకున్నాం. ఇంకేముంది, పది రోజుల్లో పాట వస్తుందని నేను బడిలో తోటివాళ్లతో కూడా చెప్పేశాను. నా నోరు అంతే.

పది రోజులు కాదు, పది పంటలు పోయాయి.

ముందు ఇల్లు సర్దేసి కూర్చుంటానంది. ఇల్లు సర్దింది, అటక మీద సామాను కిందికి దించింది, అందులో పాత ఇత్తడి బిందెలు కనిపించాయి, వాటిని తోమింది, తోమిన బిందెలు మళ్లీ అటక మీద పెట్టడానికి మనసొప్పక వాటి కోసం వసారాలో ఒక బల్ల వేయించింది. పాట లేదు. జీడి కోతలు అయిపోనీ అంది. కోతలు అయ్యాయి, పనస వచ్చింది. పనస తర్వాత ఆవకాయ. ఆ మధ్య పెద్ద తుఫానుకి కొబ్బరి చెట్లన్నీ వేళ్లతో సహా పడిపోయినప్పుడు ఎవరికీ పాట సంగతి గుర్తు లేదు, నాకు కూడా. కానీ పడిన చెట్లు తీసేసి, కొత్త మొక్కలు వేసి, అవి నడుం ఎత్తు ఎదిగాక కూడా, "తోట పని అయిపోనీ, తెవిలిపోనీ అమ్మీ" అనేది. మొక్కకి మొక్కకి మధ్య వెళ్లి ఆకు మీద దుమ్ము తుడిచినా తుడుస్తుందని నేను ఎగతాళి చేసేదాన్ని.

"ఆలస్యం అమృతం విషం" అని నేనంటే, "నిదానమే ప్రధానం" అని ఆవిడ. సామెతల్లో ఆవిడని గెలవలేం. మరీ నిలదీస్తే చివరికి ఒక మాట అనేది. మా ఇళ్లల్లో రాత్రి అన్నం గిన్నె పూర్తిగా ఊడ్చెయ్యరు. అడుగున కాస్త ఉంచుతారు. ఖాళీ గిన్నెతో ఇల్లు పడుకోకూడదని పట్టింపు. వదిన దాన్ని పాటకి అంటగట్టింది.

"ఎంతవరకు వచ్చింది?"

"అవుతాదిలే. అడుగంటా ఊడ్సీకూడదు. నాలుగు మెతుకులుంచాల."

"అసలు గిన్నెలో బియ్యమే పోయలేదు, మెతుకులు ఎక్కడివి?"

"నీకెందుకే, ఉత్త పంతులమ్మవే నువ్వు."

మా అన్నయ్య గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. చెడ్డవాడు కాదు. ఆవిడని ఒక్క రోజు గట్టిగా కోప్పడింది నేను చూడలేదు. కానీ ఆయనకి పిలుపు జబ్బు. "ఒలే, నా తువ్వాలేదీ?" అనేవాడు, తువ్వాలు భుజం మీదే ఉండేది. "ఒలే, కత్తేదీ?" కత్తి చేతిలోనే ఉండేది, రెండో కత్తి సంగతి అడుగుతున్నాడన్నమాట. వదిన కూనిరాగం తీస్తూ ఒక మాట పట్టుకుని దాని పక్కన రెండో మాట పెట్టబోయే సమయానికి సరిగ్గా "ఒలే!" వినిపించేది. మాట జారిపోయేది. "పోనాదే, పోనాది" అంటూ లేచేది. ఎవరి మీద విసుగో మాత్రం ముఖంలో కనిపించనిచ్చేది కాదు.

ఇదంతా అన్నయ్య పిలుపుల వల్లే అనుకున్నాను. అందుకే ఒకసారి గట్టి పథకం వేశాను. వేసవి సెలవులకి ముందు ఆవిడని పలాసలో మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆయన ఊళ్లో లేరు. పొద్దున్నే వంట కూడా నేనే చేసి, ఫ్యాను కింద కుర్చీ వేసి, "వదినా, సాయంత్రం నేను బడి నుంచి వచ్చేదాకా ఈ కుర్చీలోంచి లేవకు. ఏ వస్తువూ ముట్టుకోకు. పాట కట్టు" అని, నన్ను నేను మెచ్చుకుంటూ వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి గేటు దగ్గరే అనుమానం వచ్చింది. గేటు తళతళలాడుతోంది. లోపల కర్టెన్లు లేవు, డాబా మీద ఆరుతున్నాయి. బియ్యం డబ్బాలో బియ్యమంతా చాప మీద పోసి పురుగు ఏరి ఉంది. వంటింట్లో నేను ఏళ్ల తరబడి చూసి కూడా చూడనట్టు ఊరుకున్న గ్యాస్ పొయ్యి వెనక గోడ అసలు రంగు ఏమిటో ఆ రోజు తెలిసింది. నిమ్మకాయ ఊరగాయ సీసాలోకి ఎక్కి కూర్చుంది. వదిన మాత్రం ఆ కుర్చీలోనే, ఉదయం నేను పెట్టిన చోటే, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతురాలిలా ఉంది.

"పాటేదే?" అన్నాను, కోపంలో నా గొంతు కూడా ఊరి గొంతు అయిపోయింది.

"నీ ఇల్లు సూత్తే ఏడుపొచ్చిందే. పాటెలగొత్తాది?"

ఎంత కోపం వచ్చిందో అంత నవ్వు వచ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ నాతో నిజం చెప్పింది. ఎవరూ పిలవకపోయినా, ఏ పనీ లేకపోయినా, కూర్చుంటే గుండె దడగా ఉంటుందట. "ఎవులో వొచ్చి, ఏటి కూకున్నావు అని అడుగుతారేమో అనిపిత్తాది" అంది. ఎవరడుగుతారు వదినా అంటే, "ఎవులూ అడగరు. అదే బయం" అంది.

తర్వాత కాళ్లు వాచాయి. మా ఉద్దానంలో కాళ్లు వాస్తే ఎవరూ కంగారుగా ప్రశ్నలు వెయ్యరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, అంతే. అక్షరం ముక్క రానివాళ్లకి కూడా మా ఊళ్లల్లో క్రియాటినిన్ అనే మాట వచ్చు. ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురు ఆ కిడ్నీ జబ్బు పడ్డవాళ్లే. అన్నయ్య ఫోన్‌లో చెప్పలేక ఏడుస్తుంటే, ఆవిడ ఫోన్ లాక్కుంది.

"అమ్మీ, డాక్టరు ఇంక పని సెయ్యొద్దన్నారే" అంది. "ఇప్పుడు నాకు వంక నేదు."

రోజు విడిచి రోజు పలాస డయాలిసిస్ కేంద్రానికి వచ్చేది. అన్నయ్య ఆటోలో తెచ్చి దింపితే, బడి వదిలాక నేను వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. గదినిండా వరసగా కుర్చీలు, కుర్చీకొక మిషను. ఎడమ చెయ్యి కదపకూడదు. గంటల తరబడి అలా కూర్చోవాలి. ఊడ్చడానికి వాకిలి లేదు, తోమడానికి గిన్నె లేదు, "ఒలే" అనే మొగుడు బయట టీ కొట్టు దగ్గర. జీవితంలో మొదటిసారి వదినకి తీరిక దొరికింది. ఇలాంటి చోట దొరికినందుకు నాకు లోపల మంటగా ఉండేది. ఆవిడకి మాత్రం అలా లేదు. మొదటి వారం చాలా ఉత్సాహంగా ఉంది. "ఉండవే, ఇప్పుడు సూడు" అంది.

రాలేదు.

"సెయ్యాడకపోతే నోరాడదే" అంది నాలుగో సారో, అయిదో సారో. అన్నేళ్లూ పని అడ్డం అనుకుంది గానీ, పని లేకపోతే పాటకి కాళ్లే లేవని ఆ కుర్చీలో తెలిసింది. దంచితే రోకలి చప్పుడు, చెరిగితే చేట చప్పుడు, ఏదో ఒక చప్పుడు పట్టుకునే ఆవిడ పాట నడిచేది. నేను దూది తెచ్చి ఇచ్చాను. కుడి చేత్తో తొడ మీద వత్తులు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఉన్నవాళ్లందరి ఇళ్లకీ దీపావళికి సరిపడా వత్తులు తయారయ్యాయి. నర్సమ్మ కూడా ఒక కట్ట పట్టుకెళ్లింది. పాట మాత్రం రాలేదు. కారణం కూడా ఆవిడే చెప్పింది, "వత్తికి సప్పుడు నేదు" అని.

అప్పటికి ఆవిడ ముఖం నల్లబడింది. నవ్వితే చిగుళ్లు పాలిపోయి కనిపించేవి. పాట ఊసు నేను ఎత్తడం మానేశాను. ఆవిడే ఎత్తేది. "కట్టకుండా పోతానేమోనే అమ్మీ" అని ఒక రోజు మామూలుగా, ఉప్పు తక్కువైందేమో అన్నట్టు అంది. నేను బాత్రూంకని లేచి వెళ్లి, ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

ఆ ఆదివారం ఊరు వెళ్లాను. అన్నయ్య తోటలో ఉన్నాడు. సింకు సరిగ్గా లేదు, పెరట్లో బోరు దగ్గర గిన్నెలు కుప్ప పడి ఉన్నాయి. అన్నయ్య వంట నేర్చుకుంటున్నాడు కదా, ప్రతి గిన్నె అడుగూ మాడి ఉంది. వదిన వాటి వైపు చూస్తూ నులకమంచం మీద కూర్చుని తెగ బాధపడుతోంది. నేను చీర దోపి, పీచు తీసుకుని, బూడిద అద్ది మొదలుపెట్టాను. మిక్సీ, వాషింగ్ మిషను అలవాటైన చేతులు. బర్ర్ బర్ర్‌మని తోముతుంటే నా చప్పుడు నాకే సిగ్గుగా ఉంది.

కాసేపటికి మంచం పట్టె మీద టకటకమని చప్పుడు. తల తిప్పి చూశాను. వదిన నల్లటి వేలితో పట్టె మీద కొడుతోంది. కళ్లు నా చేతుల మీద ఉన్నాయి.

"తోమవే, ఆగకు" అంది. "ఆగితే పోతాది."

నేను తోమాను. ఆవిడ మొదటి మాట అంది. ఊడ్సిన వాకిలి. నేను గిన్నె తిప్పాను. ఊసులాడదు. ఆ రోజు నేను తోమిన తోముడికి ఆ గిన్నెలు పలచబడి ఉంటాయి. తోమిందే తోమాను, కడిగిందే కడిగాను. మధ్యలో ఒకసారి పాట ఆపి, "ఆ సట్టి అడుగు సూడవే, జిడ్డు అలగే ఉన్నాది" అంది. ఆ జిడ్డు వదిలేసరికి రెండో చరణం వచ్చింది.

ఆరిన పొయ్యి ఆకలనదు, కూకోవే తల్లీ కూకో
మడిసిన కోకలు మాటాడవు, కూకోవే తల్లీ కూకో
సాపిన కాళ్లకి సంద్రం గాలి, కూకోవే తల్లీ కూకో

నిజంగానే సముద్రం మీది నుంచి గాలి వచ్చింది. వదిన మంచం మీద కాళ్లు చాపింది. వాచిన కాళ్లు, మడమలు పగిలిన కాళ్లు. ఆవిడ అలా కాళ్లు చాపుకుని కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు.

"పని అయిపోడమంటే ఇదేనేటే" అంది. "ఇంకోళ్లు సేత్తంటే కూకోడం. ఇంత సులువని తెల్లేదు."

ఇంకొక్క చరణం ఉంటే పాట పూర్తయ్యేది. నేను చేతులు కడుక్కోకుండా అలాగే అడిగాను. తర్వాత ఏమిటి, కూర్చుంది సరే, తర్వాత?

"అదే తెల్దే" అంది. "కూకున్నాక మనిసి ఏటి సేత్తాది?"

"టీ తాగుతుంది."

"టీ ఎవులెడతారు? మళ్లీ లేవాల కదేటి."

"వెన్నెల చూస్తుంది."

"ఎన్నెల సూత్తే, రేపు ఎండ గట్టిగా కాత్తాది, పిక్కలు ఎండెయ్యాల అనుకుంటాది."

నేను ఎన్ని చెప్పినా ప్రతిదాని చివరా ఆవిడకి ఒక పని కనిపించింది. నాకేటి తెలుసే, నానెప్పుడు కూకున్నాను, అంది చివరికి. అని, నా ముఖం చూసి జాలిపడి, "పోనీలే. అడుగంటా ఊడ్సీకూడదు. నాలుగు మెతుకులుంచాల" అంది.

ఆ తర్వాత డయాలిసిస్ గదిలో ఆ పాట పాడేది. మిషన్ల చప్పుడు కింద సన్నగా మొదలయ్యేది. పక్క కుర్చీలో కోటబొమ్మాళి అవతల నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉండేది. రెండోసారికే "కూకోవే తల్లీ కూకో" దగ్గర గొంతు కలిపింది. ఆమెకి తోడు వచ్చే కూతురు, టెక్కలి నుంచి వచ్చే ఇంకొకావిడ, వజ్రపుకొత్తూరు వైపు నుంచి అత్తని తీసుకొచ్చే కోడలు, అందరూ పట్టుకున్నారు. ఒక్క చెయ్యి కదపలేని ఆడవాళ్లు రెండో చెయ్యి కుర్చీ మీద కొడుతూ "కూకో" అని పాడుతుంటే, నర్సమ్మ మందుల ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరి చరణం లేదని వదిన వాళ్లకి కూడా చెప్పింది. "మీకు తోస్తే మీరెట్టుకోండి" అంది. నాకు ఆ మాట నచ్చలేదు. సొంత పాట, సొంతంగా పూర్తి చేసుకోవాలి కదా అని నా పట్టుదల. పోయే లోపల ఆ ఒక్క చరణం ఆవిడ నోట వినాలని, వెళ్లినప్పుడల్లా గిన్నెలు తోముతూనే ఉన్నాను.

వినలేదు. ఎండలు ముదరకముందు ఒక మధ్యాహ్నం ఆవిడ పోయింది.

ఎలా పోయిందో అన్నయ్య నాకు ఒక్కసారే చెప్పాడు. తోట నుంచి దాహంతో వచ్చాడట. వదిన వసారాలో స్తంభానికి ఆనుకుని, కాళ్లు చాపుకుని, చెయ్యి పక్కన ఖాళీ చేటతో కూర్చుని ఉందట.

"ఒలే అని పిలవబోనానమ్మా. నోటిదాకా వచ్చింది. ఎప్పుడూ అలగ కూకోగా సూడనేదు కదా, కునుకు పట్టిందేమో, లేపీకూడదనుకున్నాను. నానే ఎల్లి టీ పెట్టుకున్నాను. పంచదారేదో దొరకనేదు. సప్పగా తాగీసినాను. దానికీ డాక్టరు సెప్పినంత, సగం గ్లాసు పోసి, పక్కనెట్టి మూత పెట్టినాను, లేసినాక తాగుతాదని."

చెప్పి, భుజం మీద తువ్వాలు తీసుకుని ముఖం కప్పుకున్నాడు. ఆ టీ చాలాసేపు అలాగే ఉందట.

ఆవిడ మీద నాకు చాలా రోజులు కోపం పోలేదు. బతికినన్నాళ్లూ ఊరందరి ఇళ్లూ సర్దావు, నీ పాటకి ఒక్క చరణం కట్టుకోలేకపోయావు అని, ఎవరూ లేనప్పుడు పైకే తిట్టేదాన్ని. ఇంట్లో గిన్నెలు తోమేటప్పుడల్లా పాట నోటికి వచ్చేది, సంద్రం గాలి దగ్గర ఆగిపోయేది. నేను కూడా ఏవేవో చరణాలు కట్టి చూశాను. అన్నీ పాఠ్యపుస్తకంలో పద్యాల్లా ఉండేవి. వదిన వింటే నవ్వేది.

ఇప్పుడు మళ్లీ ఆ పెళ్లి దగ్గరికి వస్తాను. గోడ నీడన ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. ఆరిన పొయ్యి అయింది, మడిసిన కోకలు అయ్యాయి. ఒకామె ఎవరికో జడ వేస్తోంది. ఒకామె కళ్లు మూసుకుంది. సాపిన కాళ్లకి సంద్రం గాలి అన్నారు, ఆ ఊరికి సముద్రం చాలా దూరం, అయినా అలాగే అన్నారు. కూకోవే తల్లీ కూకో. ఇక్కడ ఆగాలి. ఇక్కడే ఆగాలి.

పాట ఎత్తుకున్న ఆవిడ ఆగలేదు. గొంతు ఒక మెట్టు కిందికి దించింది.

కూకున్న తల్లికి కునుకొచ్చినాది, లేపకండమ్మా లేపకండి

మిగతావాళ్లు కూడా గొంతు తగ్గించి, పక్కన నిజంగా ఎవరో పడుకున్నట్టు, ఆ మాట రెండుసార్లు అన్నారు. లేపకండమ్మా లేపకండి.

తాంబూలం సంచి నా చేతిలోంచి జారి కొబ్బరికాయ దొర్లింది. ముక్కూ మొహం తెలియని పెళ్లివారింట్లో, వంటపాత్రల మధ్య నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. వాళ్లు గాభరాపడి నా చుట్టూ చేరారు. ఒకామె నీళ్లు ఇచ్చింది. తాగి, గొంతు సర్దుకుని అడిగాను.

"ఆ చివరి చరణం ఎవరు కట్టారమ్మా?"

పాట ఎత్తుకున్న ఆవిడ నన్ను వింతగా చూసింది.

"ఎవులో కట్టడమేటమ్మా? అది ముందునుంచీ ఉన్నాది."

రోడ్డు మీద పలాస బస్సు హారన్ వినిపించింది. ఆవిడ కొబ్బరికాయ తీసి నా సంచిలో వేసి, పక్కకి జరిగి, నేల మీద చెంగుతో కాస్త తుడిచింది.

"నిలబడిపోనావేటి తల్లీ, కూకో" అంది.

బస్సు వెళ్లిపోయిన చప్పుడు విన్నాను. చెప్పులు విడిచి, వాళ్ల పక్కన కాళ్లు చాపుకుని కూర్చున్నాను.